డెబ్బైల నాటి స్పేస్ సీరియళ్లు మళ్లీ చూస్తున్నాను, ఎలా చూస్తే బాగుంటుంది?

కక్ష్య:
స్పేస్ 1999 మళ్లీ చూడటం మొదలుపెట్టాను. చిన్నప్పుడు చూసినదే, అప్పట్లో ఈగిల్ ఓడ బొమ్మ వెయ్యని నోటుబుక్కు ఉండేది కాదు నా దగ్గర. ఇప్పుడు శుభ్రం చేసి విడుదల చేసిన కాపీ దొరికింది, బొమ్మ ఎంత బాగుందంటే మూన్‌బేస్ గోడల మీద ప్యానెళ్ల అతుకులు కూడా తెలుస్తున్నాయి. మొదటి ఎపిసోడ్ బ్రేకవే చూస్తుంటే ఒళ్లు పులకరించింది. చంద్రుడి మీద పోగేసిన అణువ్యర్థాలు పేలిపోవడం, 1999 సెప్టెంబర్ 13న చంద్రుడు కక్ష్య వదిలి కొట్టుకుపోవడం, అక్కడున్న 311 మందికీ ఇక భూమికి తిరిగి వెళ్లే దారి లేదని తెలిసిపోవడం... ఆ ఆఖరి పది నిమిషాలు నాకు గుర్తున్నదానికంటే బాగున్నాయి.

అదే ఊపులో ఆ రాత్రే వరసగా ఇంకొన్ని చూశాను, అక్కడే తేడా వచ్చింది. అందరూ నెమ్మదిగా మాట్లాడతారు, మాటకీ మాటకీ మధ్య బోలెడంత నిశ్శబ్దం, కమాండర్ కోనిగ్‌గా వేసిన మార్టిన్ లాండో కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతాడు, ఏమీ జరగదు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి పక్కన కూర్చుని "వీళ్లు ఎప్పుడూ ఎందుకింత దిగులుగా ఉంటారు?" అని అడిగి లేచి వెళ్లిపోయింది. నాకు ఈ సీరియళ్లంటే ప్రాణం, తనకీ చూపించాలని గట్టిగా ఉంది.

డెబ్బైల సిరీస్‌లు ఈ మధ్య మళ్లీ చూసినవాళ్లు ఎలా చూశారో చెప్పండి. రెండో సీజన్‌కి వెళ్లాలా, మొదటిదాంతో ఆపెయ్యాలా? బ్లేక్స్ సెవెన్ కూడా పెట్టుకున్నాను గానీ ఆ ఫైల్‌లో ఎవరైనా కదిలితే చాలు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తున్నాయి, పైగా గదిలో సీను ఒకలా, బయట సీను ఇంకోలా ఉంది. కాపీయే పాడైందా?

పాతటేపు:
కక్ష్య గారూ, వరసపెట్టి చూడకండి. వారానికి ఒకటి, మరీ ఆగలేకపోతే రెండు. సలహా ఇంతే, కానీ ఎందుకంటున్నానో చెప్తాను.

అప్పట్లో వీటిని రాసినవాళ్లకి ప్రేక్షకుడి గురించి కొన్ని సంగతులు ఖాయంగా తెలుసు. వారం క్రితం చూసింది అతనికి సగం గుర్తుండదు. ఇంట్లో వీడియో రికార్డర్ దాదాపు ఎవరికీ లేదు, కాబట్టి వెనక్కి తిప్పి చూసుకోలేడు. ఒక ఎపిసోడ్ తప్పిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. అందుకే ముఖ్యమైన విషయం రెండు మూడుసార్లు చెప్పిస్తారు, ప్రతి కథా దానికదే పూర్తయ్యేలా రాస్తారు. వారం గడిచాక చూస్తే అది మనకి సాయం, వరసగా చూస్తే అదే విసుగు.

కాలంలో ప్రయాణించే డాక్టర్ కథలు చెప్పే డాక్టర్ హూలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్ ఆరు భాగాలు, ఒక్కోటి ఇరవై అయిదు నిమిషాలు, 1975లో ఆరు శనివారాలు వచ్చింది. ఒకే రోజు కూర్చుని చూస్తే పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం అన్నదే కళ్లకు కడుతుంది. రోజుకో భాగం చొప్పున చూడండి, అప్పుడు డాలెక్స్ అనే శత్రుజాతిని తయారుచేసిన డావ్రోస్ మాటలు మరుసటి రోజంతా చెవుల్లో మోగుతాయి. చివర్లో డాక్టర్‌గా వేసిన టామ్ బేకర్ రెండు వైర్లు చేతిలో పట్టుకుని, వాటిని కలిపితే ఒక జాతి మొత్తం పుట్టకముందే పోతుంది, అలా చేసే హక్కు నాకుందా అని ఆగిపోతాడు చూడండి, ఆ సీన్‌కి చేరేసరికి మీరు కూడా ఆ మనుషులతో కొన్నాళ్లు గడిపి ఉండాలి. లేకపోతే అది ఇంకో సీన్ అయిపోతుంది.

ఇక స్పేస్ 1999లో దిగులు అంటారా, ఆ సిరీస్ అసలు సరుకు అదే. మొదటి సీజన్‌లో బ్లాక్ సన్ చూశారా? బేస్ మొత్తం ఒక నల్ల సూర్యుడి వైపు పడిపోతుంటుంది, చెయ్యగలిగిందంతా చేసేశారు, ఇక చెయ్యడానికేమీ లేదు. కోనిగ్, ప్రొఫెసర్ బెర్గ్‌మన్ ఇద్దరూ ఒక గ్లాసు పట్టుకుని కూర్చుని, ఇన్నాళ్లూ మనల్ని ఏదో కాపాడుతూ వచ్చిందా అని మాట్లాడుకుంటారు. ఇప్పటి సిరీస్ ఏదైనా ఆ టైముకి నాలుగు పేలుళ్లు పెడుతుంది. చంద్రుడు అలా పేలుడుకి ఎగిరిపోవడం సైన్స్ ప్రకారం కుదరదని అసిమోవ్ అప్పట్లోనే అన్నాడు, నిజమే, పేలుడుకి అంత వేగం రావాలంటే ముందు చంద్రుడే ముక్కలైపోవాలి. అయినా ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల కథగా చూస్తే అది నిలబడుతుంది, నేను అలాగే చూస్తాను.

చంద్రశిల:
పాతటేపు గారు చెప్పినదానికి పూర్తిగా ఒప్పుకుంటూనే రెండో సీజన్ గురించి నా మాట వేరు. చాలామంది అభిమానులు దాని పేరెత్తితేనే మొహం చిట్లిస్తారు, మీరు మాత్రం వదిలెయ్యకండి.

ఏం జరిగిందంటే, అమెరికా మార్కెట్ కోసం ఫ్రెడ్ ఫ్రైబర్గర్ అనే నిర్మాతని తెచ్చారు, అంతకుముందు స్టార్ ట్రెక్ మూడో సీజన్ చేసినాయన. వేగం పెంచాలన్నాడు. విశాలంగా, బాల్కనీతో ఉండే మెయిన్ మిషన్ సెట్టు తీసేసి ఇరుకైన కమాండ్ సెంటర్ పెట్టారు. బారీ గ్రే సంగీతం పోయి డెరెక్ వాడ్స్‌వర్త్ వచ్చాడు. బెర్గ్‌మన్ పాత్ర వేసిన బారీ మోర్స్ వెళ్లిపోయాడు, ఆ పెద్దాయన ఏమయ్యాడో తెర మీద ఒక్క మాట కూడా చెప్పరు, అది మాత్రం నేను ఎప్పటికీ క్షమించలేను. ఏ రూపమైనా ధరించగల మాయా అనే పాత్రని తెచ్చారు, కేథరీన్ షెల్ వేసింది. ఆవిడే మొదటి సీజన్‌లో గార్డియన్ ఆఫ్ పిరీలో వేరే వేషంలో కనబడుతుంది, ఈసారి చూసేటప్పుడు గమనించండి. మాయా వచ్చాక ఆ బేస్‌లో మొదటిసారి ఎవరో నవ్వుతారు. మీ అమ్మాయికి అదే కావాలేమో. మొక్కలు తీర్పు చెప్పే ది రూల్స్ ఆఫ్ లూటన్ లాంటివి దాటేసి ది బ్రింగర్స్ ఆఫ్ వండర్ రెండు భాగాలూ పెట్టి చూడండి.

ఈగిల్ గురించి కూడా చెప్పాలి, మీరు బొమ్మలు వేసేవారన్నారు కాబట్టి. దాన్ని డిజైన్ చేసింది బ్రయాన్ జాన్సన్, తర్వాత ఏలియన్‌కీ, ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌కీ పనిచేశాడు. రకరకాల సైజుల్లో మోడళ్లు చేశారు, అన్నిటికన్నా పెద్దది 44 అంగుళాలు. కెమెరాని మామూలుకంటే చాలా వేగంగా తిప్పి షూట్ చేస్తే, తెర మీద ఆ మోడల్ నెమ్మదిగా, బరువుగా దిగినట్టు ఉంటుంది. కింద నుంచి గ్యాస్ వదిలితే దుమ్ము లేస్తుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, నక్షత్రాలు, ఓడ, చంద్రుడు వేర్వేరుగా తీసి తర్వాత ఫిల్మ్ ప్రింటర్‌లో కలపడం వీలైనంత తగ్గించారు. అదే ఫిల్మ్‌ని వెనక్కి చుట్టి, కెమెరాలోనే మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేశారు. ఒక్కసారి లెక్క తప్పితే అంతకుముందు తీసిందంతా పోయినట్టే. కాపీ మీద కాపీ పడలేదు కాబట్టే ఇవాళ శుభ్రం చేసిన ప్రింట్‌లో మీకు ప్యానెళ్ల అతుకులు కూడా తెలుస్తున్నాయి. ఎవరో కొద్దిమంది ఒక స్టూడియోలో ఇంత ఓపికగా చేసిన పని యాభై ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉందంటే నాకు చాలా సంతోషం.

సిగ్నల్:
దువ్వెన గీతల సంగతి నేను చెప్తాను. కాపీ పాడవలేదండీ.

స్పేస్ 1999 మొత్తం 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, సినిమా లాగే. బ్లేక్స్ సెవెన్, డాక్టర్ హూ అలా కాదు. బీబీసీ వాళ్లు స్టూడియో సీన్లు వీడియో టేప్ మీద, బయట సీన్లు ఎక్కువగా 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసేవారు. వీడియోలో సెకనుకి 50 సగం బొమ్మలు ఉంటాయి, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. ఫిల్మ్‌లో సెకనుకి 25 పూర్తి బొమ్మలు. అందుకే తలుపు తీసుకుని బయటికి రాగానే లోకమే మారిపోయినట్టు ఉంటుంది. అప్పటివాళ్లకి అది అలవాటైపోయిన విషయం, రెండు మూడు ఎపిసోడ్లు గడిస్తే మీకూ పట్టింపు ఉండదు.

గీతలు ఎందుకంటే, ఆ రెండు సగాలనీ మీ ప్లేయర్ ఒకేసారి కలిపి చూపిస్తోంది. సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యండి, వీఎల్‌సీలో అయితే యాడిఫ్ 2ఎక్స్ అని ఉంటుంది, అది పెట్టండి. 2ఎక్స్ ముఖ్యం, అప్పుడే 50 బొమ్మలూ దేనికది విడిగా వస్తాయి, స్టూడియో సీన్లకి ఆ ప్రత్యక్షప్రసారం లాంటి కదలిక తిరిగొస్తుంది. మామూలు యాడిఫ్ పెడితే గీతలు పోతాయి గానీ కదలిక సగానికి పడిపోతుంది. తెర నిష్పత్తి 4:3 దగ్గరే ఉంచండి, పక్కల నల్లపట్టీలు ఉంటే ఉండనివ్వండి, తెర నింపడం కోసం జూమ్ చేస్తే తలలు తెగిపోతాయి. స్పేస్ 1999 లాంటి ఫిల్మ్ సిరీస్‌లు చూసేటప్పుడు టీవీలో మోషన్ స్మూతింగ్, అంటే కదలికని నున్నగా చేసే సెట్టింగ్, ఆపెయ్యండి, దానివల్ల ఈగిల్ బరువంతా పోయి ఆటబొమ్మలా కనబడుతుంది.

ఈ సందర్భంలో నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. టామ్ బేకర్‌కి ముందు డాక్టర్‌గా వేసిన జాన్ పెర్ట్‌వీ కాలం, అంటే 1970 నుంచి 74 దాకా, డాక్టర్ హూ కలర్‌లోనే వచ్చింది. టేపులు ఖరీదు, మళ్లీ వాడుకోవచ్చు, అందుకని చాలావాటిని చెరిపేశారు. విదేశాలకి అమ్మడానికి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ప్రింట్లు మాత్రం కొన్ని మిగిలాయి. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన ప్రింట్లవి. కలర్ సిగ్నల్‌ని వడకట్టకుండా అలా తీసినచోట ఆ సిగ్నల్ సన్నని చుక్కల్లా ఫిల్మ్ మీద అచ్చయిపోయింది. దశాబ్దాలపాటు అందరూ దాన్ని మచ్చలే అనుకున్నారు. తర్వాత కొందరు ఇంజినీర్లు ఆ చుక్కల నుంచే అసలు రంగులని లెక్కగట్టి వెనక్కి తెచ్చారు. ఎవరో ఊహించి వేసిన రంగులు కావు, ఆ రోజు స్టూడియోలో ఉన్న రంగులే! ప్లానెట్ ఆఫ్ ది డాలెక్స్ మూడో భాగానికీ, ది మైండ్ ఆఫ్ ఈవిల్‌లో చాలా భాగాలకీ అలాగే ప్రాణం పోశారు. మీరు వాటిని చూసేటప్పుడు రంగు కొంచెం అటూ ఇటూ వణికినట్టుంటే ఇది గుర్తుపెట్టుకోండి, చెరిపేసిన టేపు మీది రంగుని మీరు చూస్తున్నారు.

లిబరేటర్78:
బ్లేక్స్ సెవెన్ పేరు ఎవరైనా ఎత్తుతారా అని చూస్తున్నాను. కక్ష్య గారూ, డీఇంటర్‌లేస్ పెట్టుకుని వెంటనే మొదలుపెట్టండి, మొదటి ఎపిసోడ్ ది వే బ్యాక్ మాత్రం అమ్మాయి లేనప్పుడు ముందు మీరొక్కరే చూడండి. 1978 జనవరిలో మొదలైన సిరీస్ అది, హీరో బ్లేక్ మీద ప్రభుత్వం పిల్లలకి సంబంధించిన దారుణమైన తప్పుడు కేసు పెడుతుంది, అతని జ్ఞాపకాలు అంతకుముందే చెరిపేసి ఉంటారు, అతనికి సాయం చెయ్యబోయిన లాయరు బతకడు. టెర్రీ నేషన్, అంటే డాక్టర్ హూ కోసం డాలెక్స్‌ని సృష్టించిన రచయితే, దీన్ని తయారుచేశాడు, మొదటి సీజన్ 13 ఎపిసోడ్లూ ఆయనే రాశాడు.

సెట్లు అట్టముక్కల్లా ఉంటాయి, డబ్బు లేదు, అది దాచడానికి ఎవరూ ప్రయత్నించలేదు కూడా. నేను దీన్ని చూసేది బ్లేక్, ఏవన్ ఇద్దరి మాటల కోసం. ఒకడు అందరినీ విడిపించాలనుకుంటాడు, రెండోవాడు తను బతికితే చాలంటాడు, కానీ ప్రతిసారీ మొదటివాణ్ణి కాపాడేది రెండోవాడే. ఏవన్‌గా పాల్ డారో ఒక్క వాక్యం పలికితే గది చల్లబడుతుంది. ఎదురుగా జాక్వెలిన్ పియర్స్ సర్వలాన్, పొట్టి జుట్టుతో, తెల్లని దుస్తుల్లో, అధికారం కోసం ఎవరినైనా తీసి పక్కన పెట్టే మనిషి. 1978లో ఒక టీవీ సిరీస్ ఒక సామ్రాజ్యపు సైన్యాన్ని నడిపే ప్రధాన శత్రువుగా ఒక ఆడమనిషిని పెట్టి, ఆమె ఎందుకలా ఉందో వివరణలేవీ ఇచ్చుకోలేదు. నాకు అది చాలా నచ్చుతుంది.

రెండో సీజన్ చివర్లో బ్లేక్ వెళ్లిపోతాడు, మూడో సీజన్ చివర లిబరేటర్ ఓడే పోతుంది. అది ముగింపనే అనుకున్నారు, ప్రసారమైన రాత్రే ఇంకో సీజన్ ఉందని ప్రకటించారట, నటులకే ఆశ్చర్యం. ఇక 1981 డిసెంబర్ 21న, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు వచ్చిన ఆఖరి ఎపిసోడ్... అది నేను చెప్పను. మొత్తం 52 ఉన్నాయి, ఒక్కటీ దాటెయ్యకుండా అక్కడికి చేరండి. ఎక్కడా ముగింపు గురించి చదవకండి.

రాత్రితార:
నా అభిప్రాయం కొంచెం వేరు. అన్నీ మళ్లీ చూడక్కర్లేదు, చూస్తే కొన్ని చేదుగానే ఉంటాయి.

1978 నాటి బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా నాకు చిన్నప్పుడు లోకం. మళ్లీ చూశాక మూడు గంటల పైలట్‌లోనే ఇబ్బందిపడ్డాను. సైలన్లనే యంత్రాల దాడిలో పన్నెండు కాలనీల జనం దాదాపు మొత్తం చచ్చిపోతారు, మిగిలినవాళ్లు ఏ ఓడ దొరికితే ఆ ఓడెక్కి పారిపోతారు, ఆ భాగం నిజంగా గుండెని పిండేస్తుంది, కమాండర్‌గా వేసిన లార్న్ గ్రీన్ మొహమే చాలు. కాసేపట్లో అందరూ ఒక జూదశాల గ్రహం మీద పాటలు వింటూ ఉంటారు. అంత దుఃఖాన్ని తెచ్చి పెట్టి దాన్ని మోయకుండా వదిలేశారు. ఎపిసోడ్‌కి పది లక్షల డాలర్ల దాకా అయ్యేదంటారు, అందుకేనేమో స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన జాన్ డైక్‌స్ట్రా బృందం తీసిన యుద్ధం షాట్లే మళ్లీ మళ్లీ వాడారు, అదే వైపర్ యుద్ధవిమానం అదే వైపు తిరిగి అదే సైలన్ ఓడని కాలుస్తుంది. వారానికి ఒకటి చూసినా అది తెలిసిపోతుంది, కాబట్టి అన్నీ పాతటేపు గారి మందుతో నయం కావు. మగ పైలట్లంతా జబ్బుపడితే తప్ప ఆడవాళ్లకి యుద్ధవిమానం ఇవ్వని కథ ఒకటుంది, మీ అమ్మాయి దగ్గర దానికి సమాధానం చెప్పాల్సొస్తుంది.

అయినా ది లివింగ్ లెజెండ్ రెండు భాగాలూ చూడండి, లాయిడ్ బ్రిడ్జెస్ కమాండర్ కెయిన్‌గా వస్తాడు, యుద్ధమంటే ఇష్టమున్న సైన్యాధికారికీ, జనాన్ని బతికించాలనుకునే అధికారికీ మధ్య గొడవ. సిరీస్ మొత్తం అలా ఉండాల్సింది. 1980లో వచ్చిన కొనసాగింపు జోలికి వెళ్లొద్దు.

అమ్మాయికి మొదట చూపించాల్సింది యూఎఫ్‌ఓ అని నా గట్టి నమ్మకం. స్పేస్ 1999 తీసిన గెర్రీ, సిల్వియా ఆండర్సన్‌లదే, 1970లో వచ్చింది, కథ 1980లో జరుగుతుంది. ఊదారంగు విగ్గులు చూసి నవ్వుతుంది, నవ్వనివ్వండి, కానీ ఆ విగ్గు పెట్టుకున్న లెఫ్టినెంట్ ఎల్లిస్ చంద్రుడి మీది బేస్‌కి కమాండర్ అని కూడా చూస్తుంది. ఎ క్వెశ్చన్ ఆఫ్ ప్రయారిటీస్ అనే ఎపిసోడ్ పెట్టండి. గ్రహాంతరవాసులతో రహస్యంగా పోరాడే షాడో అనే సంస్థ అధిపతి స్ట్రేకర్ కొడుకుకి ప్రమాదం జరుగుతుంది, మందు తెస్తున్న షాడో విమానం వేరే పని మీద దారి మళ్లాల్సి వస్తుంది, ఎందుకు మళ్లిందో విడిపోయిన భార్యకి చెప్పే వీల్లేదు. స్ట్రేకర్‌గా వేసిన ఎడ్ బిషప్ అందులో ఏడవడు, అరవడు. తెల్లారేదాకా నిద్రపట్టలేదు నాకు.

కక్ష్య:
అందరికీ చాలా థాంక్స్. యాడిఫ్ 2ఎక్స్ పెట్టగానే గీతలు మాయం, ఇప్పుడు ఏవన్ నడిచొస్తుంటే స్టూడియోలో ఎదురుగా ఉన్నట్టే ఉంది. ది వే బ్యాక్ ఒక్కణ్ణే చూశాను, మంచి మాట చెప్పారు లిబరేటర్ గారూ. బ్లాక్ సన్ కూడా మిగతావేవీ కలపకుండా చూశాను, ఆ ఇద్దరూ మాట్లాడుకునే సీన్ అయ్యాక టీవీ ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

రాత్రితార గారూ, మీరు చెప్పిన ఎపిసోడ్ అమ్మాయితో చూశాను. విగ్గులకి నవ్వింది, చివర్లో మాత్రం నోరెత్తలేదు. "ఆయన చెప్పేస్తే ఏమయ్యేది?" అని చాలాసేపు నాతో వాదించింది, ఇంకోటి పెట్టమంది, నేనే వచ్చే వారం అన్నాను. ఇప్పుడు డాక్టర్ హూ అంటోంది. నేరుగా జెనెసిస్‌తో మొదలుపెట్టొచ్చా, ముందు ఏమైనా చూపించాలా?

పాతటేపు:
ముందు ది ఆర్క్ ఇన్ స్పేస్ నాలుగు భాగాలు చూపించండి. మనుషులంతా అంతరిక్షంలో గాఢనిద్రలో ఉంటే ఒక పురుగు జాతి వాళ్లలో గుడ్లు పెట్టే కథ, వాళ్ల నాయకుడు నోవా చెయ్యి పురుగులా మారిపోయే దగ్గర ఆకుపచ్చ రంగు పూసిన బబుల్ ర్యాప్ వాడారని తెలిసినా నాకు ఇప్పటికీ భయమే. దాని వెనకే ది సొంటారన్ ఎక్స్‌పెరిమెంట్ రెండు భాగాలు, అది ముగిసిన చోటే జెనెసిస్ మొదలవుతుంది.

సిగ్నల్:
ఆ సొంటారన్ కథ మొత్తం డార్ట్‌మూర్‌లో ఆరుబయటే, కానీ ఫిల్మ్ మీద కాకుండా వీడియో మీద తీశారు. కాబట్టి రాళ్లూ గడ్డీ కూడా స్టూడియో సీన్ లాగే కదులుతాయి, ప్లేయర్‌లో ఏదో తప్పుందనుకుని సెట్టింగ్ మార్చకండి. ఆ షూటింగ్‌లోనే టామ్ బేకర్‌కి మెడ దగ్గరి ఎముక విరిగింది. కట్టు ఆ పొడవాటి స్కార్ఫ్ కింద దాచి మిగతా సీన్లు చేశాడు, అమ్మాయికి చూశాక చెప్పండి.